దూది గొంతు

బస్సులో పక్క సీటు ఆడవాళ్ళకు గోపిక ఎవరో తెలిసిందంటే ఇక వదిలేవాళ్ళు కాదు. "నువ్వేనా దూదివి? ఏదీ, మా పోరి కోసం ఒక్కసారి అనరాదు" అని బతిమాలేవాళ్ళు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సన్నగా, కాస్త ముక్కుతో, తల్లి కనబడని గొర్రెపిల్ల అరిచినట్టు "మ్మే... నేను దూదిని! నువ్వెవరు?" అనేది. ఒళ్ళో పిల్లలు ఉలిక్కిపడి కిటికీ బయటికి చూసేవాళ్ళు, సీటు కిందికి వంగి వెతికేవాళ్ళు. ఆ గొంతు వచ్చిన ముఖాన్ని మాత్రం ఏ పిల్లా చూసేది కాదు. గోపికకు అదే గర్వం. తను కనబడకుండా బొమ్మకు ప్రాణం పోయడమే కదా తన పని.

దూది తెల్లటి ఊలు గొర్రెపిల్ల బొమ్మ. ఇంకా బడి ముఖం చూడని మూడు నాలుగేళ్ళ పిల్లల కోసం పొద్దున పూట టీవీలో వచ్చే "దూది బడి" అంతా ఆ బొమ్మ చుట్టూనే తిరిగేది. దాన్ని ఆడించే చేయి, పలికించే గొంతు రెండూ గోపికవే.

ఆమె పుట్టిల్లు చివ్వెంల దగ్గరి పల్లె. మెట్టినిల్లు కూడా అక్కడికి కూతవేటు దూరమే. తండ్రి అచ్చయ్యకు గొర్రెల మంద ఉండేది. ఈనిన గొర్రె ఏదైనా పిల్లను దగ్గరికి రానివ్వకపోతే, చిన్నారి గోపిక చాటున కూర్చుని పిల్ల గొంతుతో అరిచి తల్లిని రప్పించేది. ఆ విద్య ఎప్పటికైనా పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. సూర్యాపేటలో డిగ్రీ చదివి, అక్కడే ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ టీచరుగా కుదిరాక, తల్లికోసం ఏడ్చే పిల్లల్ని ఆ గొంతుతోనే ఊరుకోబెట్టేది. తన ప్రోగ్రాంలో కూర్చోబెట్టడానికి పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రశాంత్ ఆ బడి వరండాలో నిలబడి ఆ గొంతు విన్నాడు. పిల్లల సంగతి మరిచిపోయి టీచర్ని అడిగాడు.

ప్రశాంత్‌ది మిర్యాలగూడ. హైదరాబాదులో చానళ్ళలో చాన్నాళ్ళు పనిచేసి, "మన పిల్లలకు మన మాటల ఒక్క ప్రోగ్రామన్న ఉన్నదా?" అని పంతం పట్టి ఊరికొచ్చినవాడు. వాళ్ళ మేనమామ రైస్‌మిల్లు ఒకటి మూతపడి ఉంటే, దాని గోదాములో అట్టతో చెట్టు, గుడ్డతో వాగు, పసుపు రంగు గోడల చిన్న ఇల్లు కట్టించాడు. పక్క మిల్లు ఇంకా నడుస్తూనే ఉండేది. అక్కడ మిషన్ తిరగడం మొదలైతే ఇక్కడ "కట్" అనాల్సిందే. మిషన్ ఆగేదాకా అందరూ టీ తాగుతూ కూర్చునేవాళ్ళు, ఆగగానే పరుగున ఎవరి చోటికి వాళ్ళు పోయేవాళ్ళు.

గోపిక చోటు బల్ల కింద. నేలకు బాగా ఎత్తుగా వేసిన బల్లల మీద సెట్ అంతా ఉంటే, కింద చీకటి సందులో పీట మీద కూర్చుని, కుడిచేయి తలపైకెత్తి దూదిని ఆడించాలి. కాళ్ళ దగ్గర చిన్న టీవీ. కెమెరా ఏం చూస్తుందో అందులో కనిపిస్తుంది. దాన్ని చూస్తూ బొమ్మ మూతిని మాటమాటకూ తెరవాలి. పైన దూది గంతులేస్తుంటే కింద ఆమె భుజం మండిపోయేది. పిల్లలతో ముచ్చట్లాడే అక్కగా తెర మీద కనిపించే దీప్తి మంచిపిల్ల. కోదాడమ్మాయి. మధ్యలో కిందికి వంగి, "అక్కా, చెయ్యి లాగుతోందా? కాసేపు దించుకో, నేను డైలాగు మర్చిపోయినట్టు చేస్తాలే" అనేది.

బొమ్మ కుట్టినవాడు సూర్యాపేటలో దర్జీ సైదయ్య. మొదటి బొమ్మ కళ్ళు ఎటో చూస్తున్నట్టుండేవి. రెండో బొమ్మకు నల్లగుడ్లను ముక్కువైపు ఒక పిసరు జరిపి కుడితే, గొర్రెపిల్ల తెరలోంచి ఎదురుగా ఉన్న పిల్లనే చూస్తున్నట్టయింది. ఇలా ఒక్కొక్కటీ తప్పు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నారు వాళ్ళు. ఒక ఎపిసోడుకు ఒకే సంగతి. పైన, కింద. లేదంటే బరువు, తేలిక. అంతే. రెండో సంగతి దూరిందంటే పిల్లలు మొదటిదీ మరిచిపోతారు. ఇది చెప్పింది సరిత.

సరిత పిల్లల చదువుల గురించి పెద్ద చదువు చదివిన మనిషి. మఠంపల్లి వైపు తండాలో పుట్టింది. బడిలో చేరేదాకా తనకు తెలుగు ముక్క రాదనీ, మొదటి ఏడాదంతా టీచరు ఏమంటుందో తెలియక మూలన కూర్చుని ఏడ్చాననీ నవ్వుతూ చెప్పేది. స్క్రిప్టు ఆమె చేతిమీదుగా పోవాల్సిందే. దూది ఏదైనా ప్రశ్న అడిగాక చెవి ఎగరేసి, కెమెరా వైపు వంగి, ఊరికే ఉండాలి. ఇంట్లో పిల్ల జవాబు చెప్పేటంత సేపు. ఎడిటింగులో కూర్చున్న ప్రశాంత్‌కు అది చచ్చిన జాగాలా కనిపించేది.

"మేడం, ఇంత సేపు సప్పుడు లేకుంటే జనం చానల్ మారుస్తరు."

"జనం మారుస్తారేమో. పిల్లలు మార్చరు. ఆ సప్పుడు లేని జాగాలనే పిల్ల మాట్లాడేది ప్రశాంత్. అది తీసేసినవనుకో, ఇగ మిగిలేది ఉత్త టీవీ."

ఆ నిశ్శబ్దమంటే గోపికకు ఇష్టం. చేయి పైకెత్తి ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ కాస్త సేపూ ఆమె మనసు ఇంటికి పోయేది. అక్కడ టీవీ ముందు తన కొడుకు తేజు కూర్చుని ఉంటాడు. "ఎరుపు" అంటాడు. "పైన" అంటాడు. అది విన్నట్టే తల ఊపి, దూది చేత "అబ్బో! ఎంత మంచిగ సెప్పినవ్!" అనిపించేది.

వాడి పేరు సాయితేజ. వాడు పాకుతున్నప్పుడు ఆమె ఈ పనిలో చేరింది. పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కి, అక్కడ మారి మిర్యాలగూడ పోయేది. పొద్దుగూకే వేళకు వచ్చేది. భర్త వీరేశం సూర్యాపేటలో ఎరువుల దుకాణంలో గుమాస్తా. పిల్లవాణ్ణి పగలంతా అత్త వీరమ్మ చూసేది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. పిల్లవాడి వెంట ఉరకలేదు. "నీ బొమ్మ వచ్చిందంటే సాలు బిడ్డా, గడ్డ లెక్క కదలకుండ కూసుంటడు. బువ్వ తినుడు గూడ గప్పుడే" అని చెప్పేది కోడలికి. దూది మాట్లాడినప్పుడల్లా వీడూ నోరు తెరిచి మూసేవాడట. అమ్మ గొంతు గుర్తుపట్టి జవాబు చెబుతున్నాడని ఇంట్లో అందరికీ మురిపెం.

మాటలు మాత్రం రాలేదు. రెండేళ్ళు దాటినా రాలేదు. "వీరేశం గూడ గంతే. మూడేండ్లకు గాని నోరిప్పలే. మొగపిల్లలు గట్లనే జరంత లేటు" అంది వీరమ్మ. ఆ మాటను గోపిక గట్టిగా పట్టుకుంది. పిల్లల మధ్య పనిచేసే మనిషి, ఎక్కడో తెలియకుండా ఉంటుందా? ఒకసారి ఆమె మనసు కీడు శంకించింది కూడా. కానీ ఆ రోజు వాకిట్లోకి ఆమె అడుగు పెట్టగానే వాడు గిరుక్కున తిరిగి నవ్వాడు. ఆ నవ్వుతో అంతా మరిచిపోయింది.

రెండో ఏడు కొత్త ఎపిసోడ్లు తయారయ్యాక వాటిని కోదాడలో ఒక అంగన్‌వాడీలో పిల్లలకు చూపించారు. టీవీలో వేయకముందు ఇలా చూపించడం వాళ్ళకు అలవాటు. గదిలో ఒక పక్క టీవీ పెడతారు, ఇంకో మూల బంతులు, బొమ్మ లారీలు పోసి పెడతారు. పెద్దవాళ్ళెవరూ టీవీ చూడకూడదు, పిల్లల ముఖాలే చూడాలి. పిల్లలు తెర వదిలి బొమ్మలవైపు తిరిగిన చోటల్లా కత్తెర పడుతుంది. ఆ రోజు వీరమ్మ చుట్టాలింటికి చావుకు పోవడంతో గోపిక తేజును వెంటబెట్టుకు వచ్చింది. వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి, తను పక్కగా గోడకు ఆనుకుని కూర్చుంది.

అంతా బాగా సాగుతోంది. దూది వాగు దాటడానికి భయపడుతోంది, పిల్లలు "దుంకు, దుంకు" అని అరుస్తున్నారు. అంతలో లేచి నిలబడ్డ పిల్లవాడొకడి కాలికి తగిలి స్పీకర్ వైరు ఊడింది. తెర మీద బొమ్మ కదులుతోంది, చప్పుడు లేదు. పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. "టీచర్, సౌండ్ పోయింది!" "దూది మాట్లాడట్లే!" ఒకడు లేచి బొమ్మ లారీల వైపు పోయాడు. ఇంకొకతె టీవీ వెనకకు పోయి తొంగిచూసింది.

తేజు కదల్లేదు. గడ్డం కింద చేయి పెట్టుకుని, ఇంతకు ముందు ఎలా చూస్తున్నాడో అలాగే చూస్తున్నాడు. దూది మూతి తెరిచినప్పుడు తన నోరు తెరుస్తున్నాడు, మూసినప్పుడు మూస్తున్నాడు. ఏ మాటా లేదు. చేపపిల్ల నోరు ఆడించినట్టు ఉంది.

ముందుగా లేచింది గోపికే. వైరు ఎత్తి గుచ్చింది. గదంతా ఆమె గొంతు నిండింది. "మ్మే... నేను దుంకిన! సూసినవా?" పిల్లలందరూ గొల్లున అరిచి టీవీ ముందుకు ఉరికారు. తేజు రెప్ప వేయలేదు. గొంతు పోయినప్పుడు ఎలా ఉన్నాడో, వచ్చినప్పుడూ అలాగే ఉన్నాడు. అది పరాయి గొంతు కూడా కాదు, కన్నతల్లిది.

సరిత నెమ్మదిగా వచ్చి వాడి వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. గదిలో పిల్లలంతా తిరిగి చూశారు, తేజు తప్ప. దీప్తి వచ్చి గోపిక చేయి పట్టుకుంది. "అక్కా, ఒక్కసారి డాక్టరుకు చూపించు. ఏం ఉండదులే, ఒకసారి చూపించు" అంది. ఏం ఉండదులే అంటూనే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ సాయంత్రం ఇంట్లో గోపిక చెప్పింది. వీరేశం ఒప్పుకోలేదు.

"ఎవరన్నరు? ఆ మేడమా? ఆమె ఏమన్న డాక్టరా?"

"ఎవరో అనుడు గాదు. నేను సూసిన. నా కండ్లతోని సూసిన."

అతను విసురుగా లేచి ఇనుప బిందె తెచ్చి పిల్లవాడి వెనక ధడాలున పడేశాడు. తేజు తిరిగి చూశాడు. "సూడు! తిరిగిండు! ఇనవడకపోతే ఎట్ల తిరుగుతడు?" వీరేశం ముఖం వెలిగిపోయింది. గోపిక మంచం మీద బొంత పరిచి పిల్లవాణ్ణి దాని మీద కూర్చోబెట్టింది. వెనక నిలబడి పిలిచింది. తన గొంతుతో పిలిచింది, దూది గొంతుతో పిలిచింది. చివరికి అరిచింది. వాడు బొంత దారం పీక్కుంటూ కూర్చున్నాడు. నేల అదిరితే తిరుగుతాడు, మాటకు తిరగడు. ఇన్నాళ్ళూ వాకిట్లో తన అడుగు పడినప్పుడు వాడు ఎందుకు తిరిగాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

వీరమ్మ చావింటి నుంచి వచ్చి సంగతి విని కూలబడిపోయింది. "ఊరోళ్ళ పిల్లలందరికి మాటలు నేర్పవడ్తివి గదా బిడ్డా. ఇంట్ల పోరడు ఏమాయెనో సూడకపోతివి" అంది.

"దినమంత నీతాననే ఉంటుండె గదా అత్తమ్మా. నీకెందుకు తెల్వకపాయె?"

"టీవీ ముంగట కదలకుండ కూసుంటే ఇంటున్నడనుకున్ననే! నీ గొంతే ఇంటున్నడనుకున్న!"

అత్తాకోడళ్ళు ఎప్పుడూ పోట్లాడుకున్నవాళ్ళు కాదు. ఆ రోజు అన్న మాటలు మాత్రం ఇద్దరికీ ముల్లులా దిగబడ్డాయి. తరవాత ఒకరికొకరు అన్నం వడ్డించుకున్నారు, పిల్లవాణ్ణి అందించుకున్నారు. ముల్లు అలాగే ఉండిపోయింది.

హైదరాబాదులో పరీక్షలు చేశారు. రెండు చెవులూ పుట్టుకతోనే పోయాయన్నారు. వినికిడి కొంచెం మిగిలి ఉంది, చెవి మిషన్లు పెడితే, రోజూ నేర్పిస్తే మాటలు రావచ్చు, ఎంత వస్తాయో చెప్పలేమన్నారు. "ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు డాక్టరు. కోపంగా అనలేదు. కాగితం మీద ఏదో రాస్తూ మామూలుగా అన్నాడు. తిరుగుదారిలో బస్సు సూర్యాపేట చేరేదాకా గోపికకు ఇంకేమీ వినబడలేదు.

మిషన్లు పెట్టిన మొదటిరోజు తేజు భయపడి ఏడ్చాడు. కుక్క మొరిగితే ఏడ్చాడు, గిన్నె చప్పుడైతే ఏడ్చాడు, వాటిని పీకి పారేశాడు. మాటలు నేర్పే తరగతి సూర్యాపేటలో ఉంది. అక్కడి టీచరు మొదట చెప్పింది ఒక్కటే. "పిల్లవాడు నీ ముఖం చూడాలమ్మా. ముఖానికి ముఖం పెట్టి మాట్లాడు. మాట ముఖంలోంచి వస్తుందని వాడికి తెలియాలి." ఇన్నాళ్ళూ ముఖం దాచుకుని బతికిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

సంగతి తెలిసి ప్రశాంత్ కదిలిపోయాడు. నిజంగానే కదిలాడు. నాలుగు రోజులకు ఒక ఆలోచనతో వచ్చాడు. దూదికి చెవి మిషన్ పెట్టుకున్న కొత్త దోస్తు దొరుకుతాడు. ఆ దోస్తు తేజు. "మన పిల్లలందరు సూడాలె గోపికా. మిషన్ పెట్టుకున్న పిల్లగాణ్ణి సూసి ఎవడు నవ్వొద్దు."

గోపిక రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఒక్కటి అడిగింది. చివర్లో దీప్తి తల్లులతో చెప్పాలి, మీ పిల్లల్ని ఒక్కసారి వెనకనుంచి పిలిచి చూడండి, తిరగకపోతే డాక్టరు దగ్గరికి పోండి అని. "ఇంకే తల్లికి నా లెక్క కావొద్దు సార్." సరిత ఆ మాటలను తనే స్క్రిప్టులో రాసింది.

షూటింగు రోజున తేజు మొదటిసారి సెట్టు చూశాడు. పక్క మిల్లు ఆగాక అందరూ కదలకుండా నిలబడ్డారు. గోపిక బల్ల కింద చేయి పైకెత్తింది. తేజు దూదిని చూడగానే రెండు చేతులూ చాచి పోయి దాని మూతి పట్టుకున్నాడు. ఊలు మెడను నిమిరాడు. "నేను దూదిని. నువ్వెవరు?" అంది గోపిక, కాళ్ళ దగ్గరి చిన్న టీవీలో కొడుకు ముఖం చూస్తూ. తరవాత ఆగింది. ఆ ఆగిన చోట వాడు బొమ్మ నోట్లోకి తొంగిచూసి, మెడ నరాలు బిగించి, "దూ" అన్నాడు. మళ్ళీ "దూ" అన్నాడు.

అది వాడి మొదటి మాట. పైన అందరూ చప్పట్లు కొట్టారు, ప్రశాంత్ గంతేశాడు, దీప్తి పిల్లవాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. కింద చీకట్లో గోపిక చేయి దించకుండా కూర్చుంది. వాడి మాట కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసింది తనే. వాడు పిలిచింది మాత్రం తనను కాదు.

ఆ ఎపిసోడు చానల్‌కు పోయింది. వారం తిరగకుండా జవాబు వచ్చింది. బిడ్డ మాట స్పష్టంగా లేదు, చూసే పిల్లలు బెదురుతారు, పొద్దున పూట ఏడుపు వద్దని స్పాన్సర్ అంటున్నాడు. కథ బాగుంది, పిల్లవాణ్ణి మార్చి మళ్ళీ తీయండి. ప్రశాంత్ ఫోన్లో అరిచాడు, పోట్లాడాడు. ఆ తరవాత బయటికి పోయి చాలాసేపు రోడ్డు మీద నిలబడి వచ్చి, గోపికతో నేల చూస్తూ చెప్పాడు.

కొత్తగా వచ్చిన పిల్లవాడు చురుకైనవాడు, ఎర్రగా బుర్రగా ఉన్నాడు, మాటలు గలగలా చెబుతాడు. చెవి వెనక ఉత్త ప్లాస్టిక్ ముక్క అతికించారు. "నాకు ఈ మిషన్ అంటే చాలా ఇష్టం దూదీ! దీనితో పక్షుల పాట కూడా వింటాను!" అన్నాడు ఒక్క టేకులో.

గోపిక రానని చెప్పవచ్చు. సరిత కూడా ఆమెను పక్కకు పిలిచి, "నీకు ఇష్టం లేకుంటే వద్దని చెప్పు, నీ పక్కన నేనుంటా" అంది. కానీ తను కాదంటే ఆ చివరి మాటలు కూడా పోతాయని గోపిక భయం. తల్లులు వినాల్సిన ఆ మాటల కోసం ఆమె మళ్ళీ బల్ల కింద కూర్చుంది. ఆ పిల్లవాడు జవాబు చెప్పిన ప్రతిసారీ దూది చేత నవ్వించింది, గంతులేయించింది. ఎప్పటికన్నా బాగా చేసిందని అందరూ అన్నారు.

అది టీవీలో వచ్చిన పొద్దున వాడకట్టు ఆడవాళ్ళంతా గోపిక ఇంటికి చేరారు. చివరి పాట అయ్యింది. దీప్తి కెమెరా వైపు తిరిగి, "అమ్మలూ, మీకు ఒక మాట" అని నోరు తెరిచింది. అక్కడితో తెగిపోయి, పాలల్లో కలుపుకునే పొడి ప్రకటన మొదలైంది. గోపిక ఆ ప్రకటన అయ్యేదాకా చూసింది. తరవాత వచ్చిందీ చూసింది. ఇక రాదని తెలిశాక లేచి అందరికీ చాయ్ పెట్టడానికి పోయింది. "మస్తుగుంది పిల్లా, ఏడుపొచ్చింది" అన్నారు ఆడవాళ్ళు.

ఆ ఎపిసోడుకు బహుమతి కూడా వచ్చింది. హైదరాబాదులో వేదిక మీద దీప్తి దూదిని చంకనెత్తుకుని నిలబడ్డ ఫోటో పేపర్లో పడింది. దీప్తి తన మాటల్లో గోపిక పేరు చెప్పిందట. పేపరువాళ్ళు వేయలేదు. కొంతకాలానికి చానల్‌వాళ్ళు ప్రోగ్రామును పూర్తిగా కొనేసి హైదరాబాదుకు మార్చారు.

"నీ గొంతు బాగలేదని కాదు గోపికా" అన్నాడు ప్రశాంత్, సగం విప్పేసిన సెట్టు మధ్య నిలబడి. "వాళ్ళకు యాస వద్దంట. అందరికి అర్థమయ్యే భాష కావాలంట. గాడ వేరే ఆమె చేస్తది." మన మాటల ప్రోగ్రాం కావాలని వచ్చినవాడు ఆ మాట అంటూ ఆమె ముఖం చూడలేకపోయాడు. అట్టచెట్టు వెనకనుంచి పాతబడ్డ దూది ఒకటి తీసి ఇచ్చాడు. మొదట్లో సైదయ్య కుట్టింది, కళ్ళు ఎటో చూస్తున్నది. "తేజుకు తీస్కపో. వాడికి ప్రాణం గదా."

"వద్దు సార్" అంది గోపిక. "అది కనవడ్తే వాడు ఇగ నా మొఖం సూడడు."

పొద్దున పూట దూది ఇప్పటికీ వస్తుంది. వేరే గొంతుతో, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. ప్రశ్న అడిగి ఆగదు, జవాబు కూడా తనే చెప్పేస్తుంది. వీరమ్మ ఒకరోజు పెట్టి చూసి, "ఇది మన దూది గాదు" అని తీసేసింది. తేజు గొంతెత్తి ఏడ్చాడు. మళ్ళీ పెడితే ఊరుకున్నాడు. గొంతు మారిందన్నది వాడికి పట్టలేదు.

గోపిక పాత బడిలోనే మళ్ళీ చేరింది. బడి తెరిచిన మొదటి వారంలో కొత్తగా వచ్చిన పిల్లలందరినీ ఒక్కొక్కరినీ ఆటలో పెట్టి, వెనకనుంచి పేరు పెట్టి పిలిచి చూసింది. ఒక్క పాప తిరగలేదు. ఆ పాప తండ్రి పేరు పర్వతాలు, లారీ నడిపేవాడు. గోపిక అతన్ని పక్కకు పిలిచి, ఎంత మెల్లగా చెప్పగలదో అంత మెల్లగా చెప్పింది.

"మా బిడ్డ సెవిటిదంటవా?" అన్నాడతను, వరండా అంతా వినబడేలా. "నీ కొడుకు సెవిటోడైతే లోకమంత సెవిటిదేనా? పిల్లకు జర సిగ్గెక్కువ, గంతే. ఇంక ఎవరికన్న గిట్ల సెప్పినవంటే మంచిగుండదు!"

మర్నాటి నుంచి పాపను వేరే బడికి పంపారు. ప్రిన్సిపాల్ గోపికను పిలిచి, తల్లిదండ్రులతో ఇలాంటివి మాట్లాడవద్దని, మాట్లాడాలంటే తనతో చెప్పాలని మందలించాడు. ఆమె తలూపింది. కొన్నాళ్ళకు సూర్యాపేట కూరగాయల మార్కెట్ దగ్గర ఆ పాప కనిపించింది, తండ్రి మోటారుసైకిల్ మీద ముందు కూర్చుని. చెవులకు కొత్త కమ్మలు పెట్టారు, మిషన్ లేదు. గోపిక పిలవబోయి ఆగింది. పిలిస్తే ఆ పిల్ల తిరగదు. తిరిగేది తండ్రి.

పక్కన తేజు ఆమె గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకున్నాడు. ఈ మధ్యే నేర్చాడు వాడు, ఏదైనా కావాలంటే అలా తిప్పుకోవడం. ఎదురుగా బత్తాయిల బండి ఉంది.

"మ్మ" అన్నాడు. అంతవరకే వస్తోంది ఇంకా.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వాడి ముఖానికి ముఖం పెట్టి, బత్తాయి అనే మాటను విడదీసి చెప్పడం మొదలుపెట్టింది. బండివాడు ఓపిక పట్టలేక వేరే బేరం చూసుకున్నాడు.